పేడనీళ్లు ఎటు పోతాయి? – గేదెల సాలకు అనుమతులు తెచ్చుకున్న నా అనుభవం

విశాఖ మధురవాడలో మా మావయ్యగారు గేదెల్ని కట్టడం మొదలుపెట్టిన రోజుల్లో చుట్టూ జీడితోటలు, తాటిచెట్లేనట. నేను కోడలిగా వచ్చేసరికి తోటల్లో సగం లేఅవుట్లయ్యాయి. ఇప్పుడైతే మా సాలకి మూడు పక్కలా అపార్ట్‌మెంట్లే. 2021 వానాకాలంలో మాకు మునిసిపల్ నోటీసు వచ్చింది. పేడనీళ్లు వాన కాలవలోకి వదులుతున్నారు, ఆపండి అని.

ఇంట్లో అందరికీ కోపం వచ్చింది. ముందు నుంచి ఉన్నది మనం, తర్వాత వచ్చింది వాళ్లు అన్నారు మా ఆయన. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ సాయంత్రం పాలు పోసి వస్తూ ఆ కాలవ వెంట నడుచుకుంటూ వెళ్లాను. నాలుగో అపార్ట్‌మెంటు దగ్గర కాలవ పూడిపోయి, నీళ్లు సెల్లారు గోడ కింద నిలిచిపోయాయి. గోడకి మోకాలెత్తున పచ్చటి చార. దోమలు ముసురుతున్నాయి. వాచ్‌మన్ భార్య చంటిపిల్లని ఒళ్లో వేసుకుని చీర చెంగుతో దోమలు తోలుతోంది. నన్ను చూసి, "మీ గేదెల నీళ్లేనమ్మా ఇవి" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను. గేదెల్ని అమ్మొద్దు, ఇక్కడ ఉంచొద్దు, నాకు ఒక్క ఏడాది టైమివ్వండి అని. ఏడాది అనుకున్నది రెండేళ్లు దాటింది.

మా పుట్టిల్లు పద్మనాభం మండలంలో. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద నాకిచ్చిన ఎకరం ఎనభై సెంట్లు ఊరిని ఆనుకునే ఉంది. కరెంటుంది, రోడ్డుంది, ఆనందపురం మీదుగా పాలు ఊళ్లోకి తేవడం సులువు. ఇంకేం కావాలి అనుకుని గునపం వేయబోయాం. మండల పశువైద్యుడు ఆపారు. మా దగ్గర అప్పటికి పాడివీ, వట్టిపోయినవీ, పెయ్యలూ కలిపి 32 ఉన్నాయి, పెంచి 50 చేద్దామని ఆలోచన. "యాభైకి షెడ్డంటే పెరట్లో నాలుగు గేదెలు కట్టుకోవడంలాంటిది కాదమ్మా. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉండాలి. ముందు దూరాలు కొలిపించండి" అన్నారు.

అప్పటిదాకా కాలుష్యం అంటే పొగ గొట్టాలున్న ఫ్యాక్టరీల సంగతే అనుకున్నాను. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నడిచిన కేసు తర్వాత, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీ ఫారాలకీ గోశాలలకీ మార్గదర్శకాలు తెచ్చిందని, డెయిరీల్ని ఆరెంజ్ వర్గంలో, గోశాలల్ని గ్రీన్ వర్గంలో పెట్టిందని ఆయనే చెప్పారు. ఇళ్లకి 200 మీటర్లు, బడికీ ఆసుపత్రికీ 500 మీటర్లు దూరం ఉండాలన్నారు. కొలిపిస్తే మా ఊరి బడి గేటు నా పొలానికి 380 మీటర్లలో తేలింది. నేను చదువుకున్న బడే అది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మా బాబాయి, "నా మెట్ట మూడెకరాలు ఊరికి దూరంగానే ఉంది కదే, మార్చుకుందాం. పైన తేడా ఎంతో చూసి ఇద్దువుగాని" అన్నాడు. మాట మీద ఆగకుండా మార్పిడి దస్తావేజు రిజిస్టర్ చేయించాం. ఇది తప్పనిసరిగా చేయించుకోండి. తర్వాత ప్రతి ఆఫీసులోనూ మొదట అడిగింది భూమి ఎవరి పేరున ఉందనే. పాసు పుస్తకం, వన్‌-బీ, అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, ఈసీ, ఇవన్నీ అయిదేసి కాపీలు తీయించి ఒక సంచిలో పెట్టుకున్నాను. ఈసీ అనే మాట దగ్గర చాలామంది తడబడతారు. రిజిస్ట్రేషన్ వాళ్లు ఈసీ అంటే భూమి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే కాగితం. పర్యావరణం వైపు వాళ్లు ఈసీ అంటే పర్యావరణ అనుమతి. 2006 నోటిఫికేషన్ కింద ఆ రెండోది గనులకీ, పెద్ద ప్రాజెక్టులకీ గానీ పశువుల షెడ్డుకి అక్కర్లేదు. మనకి కావలసింది 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద వచ్చే సమ్మతి. కట్టక ముందు ఒకటి, దాన్ని సీఎఫ్‌ఈ అంటారు. కట్టాక పశువుల్ని దించే ముందు ఇంకొకటి, అది సీఎఫ్‌వో.

మా మండలం వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ పరిధిలో ఉంది కాబట్టి మాస్టర్ ప్లాన్ 2041లో మా సర్వే నంబరు ఏ జోన్‌లో పడిందో కాగితం తెచ్చుకోవాలి. వ్యవసాయ జోనే. కానీ తూర్పు మూలని ఒక ప్రతిపాదిత రోడ్డు కోసుకుంటూ పోతోంది. ఆ రోడ్డు ఎప్పుడు పడుతుందో ఏమో, మనం మాత్రం ఆ జాగా ఖాళీగా వదలాల్సిందే. షెడ్డు పడమరకి జరిగింది. షెడ్డు కూర్చునే జాగా వరకు నాలా, అంటే సాగుభూమిని వేరే వాడకానికి మార్పించడం, చేయించుకోమన్నారు, చేయించాం. ఆ పనిలో తిరగడం తప్ప చెప్పుకోవలసిందేమీ లేదు.

చెప్పుకోవలసింది పంచాయతీ సంగతి. 2022 జూన్‌లో తీర్మానం కోసం మా అర్జీ సమావేశంలో చదివారు. నేను ఆ ఊరి ఆడపడుచుని, ఎవరూ కాదనరనే ధైర్యంతో వెళ్లాను. మా పొలానికి దిగువన పొలం ఉన్న పెద్దాయన లేచి నుంచున్నాడు. వరసకి నాకు పెదనాన్న అవుతాడు. చిన్నప్పుడు ఆయన నూతి దగ్గరే మేం తాటిముంజెలు తిని చేతులు కడుక్కునేవాళ్లం.

"నువ్వు మా ఊరి ఆడపిల్లవే తల్లీ, నాను కాదన్ను. మరి నా నుయ్యి సంగతేటి? రేపు అందులో గెత్తం కంపొస్తే నాను నీళ్లకి ఎక్కడికెళ్లాల?"

సమావేశంలో కొందరు ఆయన్ని కూర్చోబెట్టబోయారు. నాకు మాత్రం మధురవాడలో ఆ గోడ, ఆ పచ్చటి చార కళ్లముందు కనబడ్డాయి. నా దగ్గర జవాబు లేదు. నెలరోజులు టైమివ్వండి పెదనాన్నా, మీ నూతిలోకి చుక్క రాకుండా ఎలా కడతానో కాగితం మీద చూపించాకే తీర్మానం చెయ్యండి అన్నాను. అర్జీ నేనే వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన కోప్పడ్డారు, అయిపోయే పనిని ఆపుకున్నావని.

ఈలోగా సమ్మతి దరఖాస్తుకి ప్రాజెక్టు రిపోర్టు రాసిపెడతానని ఒక కన్సల్టెంటు దొరికాడు. డబ్బు ముందే తీసుకున్నాడు. నలభై పేజీల రిపోర్టు బైండింగ్ చేసి మరీ ఇచ్చాడు. దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టేశాం. సెప్టెంబరులో సందేహాలతో వెనక్కి వచ్చింది. అప్పుడు కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. పదిహేడో పేజీలో చనిపోయిన కోడిపిల్లల్ని ఎలా పారవేస్తామో ఉంది. కోళ్ల ఫారం రిపోర్టులో పేరు మార్చి మాకు ఇచ్చాడు. నీటి లెక్క కూడా కోళ్లదే. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ డబ్బు పోయింది. దానికంటే, మన సంతకంతో అలాంటి అబద్ధం ఒక ప్రభుత్వ ఆఫీసుకి చేరిందే అని నాకు చాలా బాధ కలిగింది. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ చదవండి. ఇంగ్లీషులో ఉన్నా సరే, పిల్లల చేత చదివించుకునైనా చదవండి.

ఆ తర్వాత లెక్కలన్నీ నేనే వేశాను. పశువైద్యుడు కూర్చోబెట్టి నేర్పారు. నాలుగు వందల కిలోల పశువు రోజుకి 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, ఇంచుమించు అన్నే లీటర్ల మూత్రం. యాభై పశువులంటే రోజుకి 750 కిలోల నుంచి టన్ను దాకా పేడ. తాగడానికీ కడగడానికీ కలిపి తలకి 150 లీటర్లు వేసుకున్నా రోజుకి 7,500 లీటర్ల నీళ్లు. ఇన్నేళ్లుగా ఆ పేడ ఎత్తుతున్నదాన్ని, టన్ను అన్న మాట కాగితం మీద చూస్తే గాని నాకు తెలియలేదు. మా పశువులు మేతకి బయటికి పోవు, మేతే వాటి దగ్గరికి వస్తుంది. పేడ కూడా పొలమంతా చెదరకుండా ఒక్కచోటే పడుతుంది. వేరే దేశాల్లో ఫీడ్‌లాట్లనే పెద్ద మేపుడు దొడ్ల మీద అన్ని ఆంక్షలు ఎందుకో అప్పుడు అర్థమైంది. అమెరికాలో మాంసం పశువులు వెయ్యి చేరితే పెద్ద దొడ్డి కింద లెక్కట. మాది యాభై అయినా, పక్కనే నుయ్యి ఉన్నవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

రిపోర్టు వెనక్కి రాకముందే, ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన దంచికొడుతోంది. మా తమ్ముడి కొడుకుని వెంటబెట్టుకుని, గొడుగు పట్టుకుని పొలానికి పోయాను. పాత ప్లానులో వాలు దక్షిణానికని గీసి ఉంది. పారుతున్న నీళ్ల వెంట నడుస్తూ పది అడుగులకొక కంది పుల్ల పాతించాను. వాన తగ్గాక గట్టెక్కి చూస్తే పుల్లలన్నీ దక్షిణానికి కాదు, పడమరకి తిరిగాయి. ఎప్పుడో పశువులు నడిచి నడిచి పడిన పుంత ఒకటుంది, నీళ్లన్నీ అందులో చేరి తిన్నగా పెదనాన్న నూతి వైపే పోతున్నాయి. ఆ నుయ్యి దాటితే గెడ్డ, గెడ్డ దాటితే గోస్తనీ. ఆవు పొదుగు పేరు పెట్టుకున్న ఏరది, బొర్రా గుహల దగ్గర పుట్టి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి దగ్గర దాని నీళ్లే కట్టి విశాఖకి తాగడానికి ఇస్తారు. మేం ఉన్నది తాటిపూడికి దిగువనే, అయినా మా కింద ఊళ్లు లేవా?

పెదనాన్న సమావేశంలో అడిగిందే నిజమైంది. ఆయన అడ్డు చెప్పకపోతే అదే ప్లానుతో కట్టేసేవాళ్లం.

ప్లాను తిరగేశాం. పేడ గుంట, మూత్రం తొట్టి తూర్పు వైపు మిట్ట మీదకి వచ్చాయి. పడమర పుంతకి అడ్డంగా కట్ట. అక్టోబరులో మూడు చోట్ల గొయ్యి తీయించి చూస్తే నాలుగడుగులకే నీళ్లు ఊరాయి. అంటే మట్టి గుంట పనికిరాదు, పేడనీళ్లు ఊటలో కలిసిపోతాయి. తొట్టిని సగం నేల పైకి లేపి, కాంక్రీటుతో కట్టాలని తేలింది. ఖర్చు పెరిగింది. అప్పటికే సమ్మతి ఫీజు పెట్టుబడిని బట్టి ఉంటుందని ఆడిటర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాం, అది మళ్లీ రాయించాల్సి వచ్చింది.

కొత్త ప్లాను పట్టుకుని పెదనాన్న అరుగు మీద కూర్చున్నాను. ఆయన చదువుకోలేదు గానీ పుల్లలు పాతిన వరస చెప్పగానే తలూపాడు. "ఆ పుంతలోంచే నీరొస్తాదని నాకు తెలుసు తల్లీ, నన్ను ఎవరడిగారు?" అన్నాడు. ఆయన నూతి నీళ్లు సాల కట్టక ముందే ఒకసారి పరీక్ష చేయించి, తర్వాత ఆరు నెలలకోసారి నా ఖర్చుతో చేయించి పంచాయతీలో ఇస్తానని తెల్లకాగితం మీద రాసిచ్చాను. అలా రాయమని ఏ ఆఫీసూ అడగలేదు. తీర్మానం ఆ నెలలోనే అయింది. ఆయనే మొదట చెయ్యెత్తాడు.

ఆ మొదటి పరీక్షలో నైట్రేటు లీటరుకి 38 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్లకి హద్దు 45. మా గేదె ఒక్కటి కూడా అక్కడ అడుగుపెట్టక ముందే అంత! చుట్టూ పొలాల్లో ఏళ్ల తరబడి చల్లిన యూరియా అయి ఉంటుందని పశువైద్యుడన్నారు. ఆ కాగితం లేకపోతే రేపు ఎంత వచ్చినా మా పేరే చెప్పేవారు. కొత్తగా సాల కట్టేవాళ్లందరికీ నేను ముందుగా చెప్పేది ఇదే, పక్కవాళ్ల నూతి నీళ్లు ముందే పరీక్ష చేయించి పెట్టుకోండి.

నవంబరులో మళ్లీ దరఖాస్తు పెట్టాం. డిసెంబరులో జాగా చూడటానికి మండలి నుంచి ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. మా పెద్దమ్మాయి వయసుంటుంది. కాగితాలు కారులోనే వదిలి, చెప్పులు విడిచి చేలో దిగింది. మిట్ట ఎక్కింది, పుంత చూసింది, గొయ్యిలో నీళ్లు చూసింది. తొట్టిలో నీళ్లు పంపుతో నేపియర్ గడ్డి మళ్లకి పారిస్తామని చెప్పాను. వింది.

"కరెంటు పోతే పంపు ఆగిపోతుంది కదమ్మా. అప్పుడు ఎటు పోతాయి?"

నాకు హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12. మా మధురవాడ సాల రేకులు కాగితాల్లా లేచిపోయాయి, గోడ కూలి రెండు గేదెలు చనిపోయాయి, వారం పైన కరెంటు లేదు. ఆ వారం పేడనీళ్లు ఎటు పోయాయో మాలో ఎవరం చూసుకోలేదు. తుఫాను రోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే, మేం వేసే 400 చదరపు మీటర్ల రేకుల మీద నుంచే 40,000 లీటర్ల నీళ్లు జారతాయి. అవి పేడ కాలవలో పడితే తొట్టి ఏ పాటి? ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుని నా నోటుబుక్కులోనే గీసి చూపించింది. చూరు నీళ్లకి వేరే గొట్టం, వేరే దారి. ఆ నీళ్లు పేడని తాకకూడదు. తొట్టి నిండితే పంపు లేకుండానే వాలు మీద రెండో తొట్టిలోకి పోవాలి. కడిగే పద్ధతి కూడా చెప్పింది. ముందు పారతో ఎత్తాలి, తర్వాత చీపురు, నీళ్లు చివరన. "నీళ్లతో పేడని తోసేస్తే పని సులువే గానీ, టన్ను పేడ పది టన్నుల బురద అవుతుంది" అంది. మధురవాడలో మేం ముప్పై ఏళ్లుగా చేసింది సరిగ్గా అదే. పైపు పట్టి తోసేయడం.

2023 జనవరిలో సీఎఫ్‌ఈ వచ్చింది. షరతులు రెండు పేజీలు. అవి అచ్చు తీసి పాలగదిలో గోడకి అంటించాను, తెలుగులో రాసి. బోరుకి నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నాం. ఊరి మంచినీళ్ల బోరుకి 250 మీటర్ల లోపు కొత్తది తవ్వకూడదు. మాది చాలా దూరం కాబట్టి ఇబ్బంది రాలేదు. షెడ్డు ప్లాను లైసెన్సు ఉన్న టెక్నికల్ మనిషి చేత ఆన్‌లైన్‌లో పెట్టించాం. పెద్ద గేదెకి నీడలో 4 చదరపు మీటర్లు, బయట తిరగడానికి 8 చొప్పున వదిలాం. నేల గరుకుగా ఉండాలి, కాలవ వైపు వాలు ఉండాలి. మేస్త్రి నున్నగా పూసేస్తానంటే ఒప్పుకోలేదు. నున్నటి నేల మీద గేదె జారితే లేవదు. రేకులకి ప్రతి దూలం దగ్గరా బోల్టులు బిగించింది మా ఆయనే, ఎవరినీ నమ్మకుండా నిచ్చెనెక్కి తనే.

పేడలో కొంత గోబర్ గ్యాసుకి పోతుంది. 25 కిలోల పచ్చి పేడకి ఇంచుమించు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. రోజుకి పది తట్టల పైన అందులో కలుపుతాం, పనివాళ్ల రెండు కుటుంబాల వంటకీ, గిన్నెలు కడిగే వేడినీళ్లకీ ఆ గ్యాసు సరిపోతుంది. మిగిలింది వానపాముల ఎరువు. వేసవిలో గెత్తం కోసం చుట్టుపక్కల రైతులు బండ్లు తోలుకొస్తారు. చనిపోయిన పశువుని పూడ్చడానికి సున్నంతో సహా జాగా వేరే పెట్టాం. ఇంజెక్షను సూదులు పేడలో కలవకుండా డబ్బాలో దాచి పశువైద్యశాలకి ఇస్తాం. ఇవన్నీ షరతుల్లో ఉన్నవే.

సీఎఫ్‌వో ఇచ్చే ముందు మళ్లీ వచ్చి చూశారు. ఈసారి వేరే ఆయన. నాకు గుండె దడదడలాడింది, ఎందుకంటే రెండో తొట్టికి గొట్టం వాలు సరిపోక బకెట్టు నీళ్లు పోస్తే మధ్యలో ఆగిపోతున్నాయి. దాచలేదు, చూపించాను. పది రోజుల్లో సరిచేసి ఫోటోలు పెట్టమన్నారు, పెట్టాం. 2023 నవంబరులో కాగితం చేతికొచ్చింది.

గేదెల్ని ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగు వ్యానుల్లో తరలించాం. అన్నిటికంటే పెద్దది, మా మావయ్యగారు దూడప్పుడు తెచ్చిన ముర్రా గేదె, వ్యాను దిగనంది. మావయ్యగారే తవుడు కలిపిన కుడితి బకెట్టు పట్టుకుని ముందు నడిచారు. అది దిగి, కొత్త నేలని వాసన చూసి, మొదటి పేడ అక్కడే వేసింది. ఆయన తన చేత్తో ఎత్తి తట్టలో వేశారు. నీళ్లు పోయలేదు.

మధురవాడ పాత సాల ఖాళీ అయిన వారానికి ఆ కాలవ పూడిక మేమే కూలీల్ని పెట్టి తీయించాం. వాచ్‌మన్ కుటుంబం అప్పటికే వేరే ఊరు వెళ్లిపోయింది.

ఈ మధ్యే పెదనాన్న నూతిలో నీళ్లు మళ్లీ తీశాం. గిలక ఆయనదే, తాడు ఆయనదే, నన్ను లాగనివ్వడు. సీసా రెండుసార్లు అదే నీళ్లతో తొలిపి నింపి, మూత బిగించి, తారీకు రాసి ఆయనకి చూపించాలి. పోయినసారి 37 వచ్చింది. ఈసారి సీసా ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎప్పుడొస్తాదే కాగితం?" అన్నాడు. వారంలో పెదనాన్నా అన్నాను. "పంచాయతీలో ఇచ్చే ముందు నాకు చదివి ఇనిపించు" అని, మిగిలిన బకెట్టు నీళ్లు బెండ మొక్కల మొదట్లో పోసుకున్నాడు.